అంగడివీధిలో ఒక ద్విభాషి మేడ

మధుర నుండి తిరునెల్వేలికి పోవు రాజమార్గమున, కోవిలుపట్టి దాటి దక్షిణముగా సాగువారికి కయత్తారు తగులును. ఈ యూరి పేరు వినినంతనే అందరికిని ఒకే విషయము జ్ఞప్తికి వచ్చును. పాంచాలంకురిచ్చి పాళెగాడగు వీరపాండ్య కట్టబొమ్మని ఈస్టిండియా కంపెనీవారు 1799 అక్టోబరు 16వ తేదీన ఉరితీసినది ఇచ్చటనే. ఆతడు రాజకంబళ నాయకుల కుదురువాడు. ఇంట పలికిన భాష తెలుగు. ఆతని విగ్రహము నేడు బాటసారులకు కానవచ్చుచున్నది. కాని ఆతని ఇల్లేది? 1799లో శత్రువుల చేజిక్కిన కోటను, ఆతని తమ్ముడు ఊమైదొర చెఱ తప్పించుకొని వచ్చి, 1801లో కొలది దినములలోనే మట్టితో మరల లేపెను. ఆ సంవత్సరము మే నెలలోనే కంపెనీ సేన దానిని తిరిగి పట్టుకొని నేలమట్టము చేసెను. నేడు పాంచాలంకురిచ్చిలో యాత్రికులు చూచునది 1974లో తమిళనాడు ప్రభుత్వము కట్టించిన స్మారకము మాత్రమే.

శత్రువును చంపుటతో ఆనాటి యుద్ధనీతికి తృప్తి కలుగలేదు. వాని గోడలు కూడ నిలువరాదు. ఈ మాటను చదువరులు మనసునం దుంచుకొనవలెనని కోరుచున్నాము. మేము చెప్పబోవు కథ పాళెగాని కోటను గూర్చినది కాకపోయినను, ఈ నీతి అందును పనిచేసినది.

మేము చెప్పదలచినది ఒక వర్తకుని మేడను గూర్చి. రాజుల నగరులను గూర్చి మనకు కావలసినంత తెలియును. మధురలో తిరుమల నాయకుని మహలును చూడని తెలుగువాడు ఈ సీమలో నుండడు. 1636 ప్రాంతమున లేచిన ఆ కట్టడములో నేటికి మిగిలినది నాలుగవ వంతని చెప్పుదురు. ఆతని మనుమడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినపుడు, దానిలో చాల భాగమును విప్పించి తీసికొనిపోయెను. అందలి లావుపాటి స్తంభములను చూచి, ఇటలీ దేశపు శిల్పి యొకడు దానిని రచించెనని చెప్పుకొనువారు కలరు. ఆ మాటకు తగిన ఆధారము మాకు కనబడలేదు. ఇటుక మనది, సున్నము మనది, పనివారు మనవారు. నూతన మైనది తీరు మాత్రమే. ఐనను ఆ చెప్పుకోలు ఒక్క మేలు చేసినది. మన సున్నపు స్తంభమునకును ఇటలీ స్తంభమునకును నడుమ ఏదో చుట్టరికము కలదను ఊహను ప్రజల మనసులలో నాటినది. ఆ చుట్టరికము మహలులోకంటె ఒక వర్తకుని ఇంటిలో తేటతెల్లముగా కనబడును. దానిని చూచుటకు ముందు ఇటలీ దాక ఒకసారి పోయిరావలెను.

ఫ్లోరెన్సు నగరమున 15వ శతాబ్దియందు ధనికులైన వర్తకులు తమ ఇండ్లను నూతన రీతిని కట్టనారంభించిరి. పాశ్చాత్యులు పునరుజ్జీవన యుగమని పిలుచు కాలమది. వారిలో జొవాన్ని రుచెల్లాయి (1403–1481) అను వస్త్ర వర్తకు డొకడు. ఆ యింటిపేరే ఒక రంగునుండి పుట్టినది. రాళ్ళపై పెరుగు ఒకజాతి పాచినుండి ఊదారంగు తీయు విద్యను ఆ వంశపు పూర్వుడొకడు తూర్పుదేశములనుండి తెచ్చెనని ప్రతీతి. రుచెల్లాయి ఎనిమిది ఇండ్లను కలిపి ఒక్క ఇల్లుగా చేసెను. దాని ముఖభాగమును రచించినవాడు లెయోన్ బత్తిస్తా అల్బెర్తి అని పండితుల అభిప్రాయము. ప్రాచీన రోమక కట్టడములను చూచి నేర్చిన చదును స్తంభములు మూడంతస్తులకును మూడు తీరులుగా గోడయందే చెక్కబడినవి. గోడ అడుగున వీధివైపు పొడవుగా ఒక రాతి అరుగు కలదు. మన పల్లెలలోని అరుగు చేయు పనియే ఆ అరుగును చేసెను. పనిమీద వచ్చినవాడు కూర్చుండును, బాటసారి సేదదీరును, బేరము కుదురును. ఇంటి యెదుట ముక్కోణపు చిన్న చౌకము. 1466లో ఆతని కుమారునికి మెడిచీ వంశపు కన్యతో పెండ్లియైనపుడు విందు ఆ చౌకముననే జరిగినది. ఊరంతయు చూచినది. చూడవలెననియే ఆ ఏర్పాటు.

వర్తకునికి ఇంతటి ఇల్లెందుకు? దొంగలకు భయపడి ధనమును దాచవలసినవాడు ఊరి నడిబొడ్డున దానిని ప్రదర్శించుట వింతగా తోచవచ్చును. కాని వర్తకుని మూలధనములో సగము నమ్మకము. ఆతని హుండీని ఎవరైనను పుచ్చుకొనవలెనన్నచో, రేపు కూడ ఆతడు ఈ యూరనే యుండునన్న ధైర్యము కావలెను. రాతిగోడ ఆ ధైర్యమును పలుకును. రుచెల్లాయి ఇంటి కుడికొన నేటికిని అసంపూర్ణముగనే యున్నది. రాళ్ళ అంచులు కోసినట్లుగాక విరిగినట్లుండును. ప్రక్క ఇంటివాడు తన ఇల్లు అమ్మనందున పని ఆగినదని చెప్పుదురు. ఆ మొండి అంచును చూచినపుడు మాకు ఆ ధనవంతునిపై కొంత ఆప్యాయత కలిగినది. ధనము కొనలేనిది ఒకటి ప్రక్కనే యుండుటయు, దానిని దాచక యట్లే వదలివేయుటయు!

రుచెల్లాయి ఇల్లు కట్టుటతో ఊరకుండలేదు. ఒక పుస్తకమును వ్రాసెను. కుమారులకు హితవులు, వంశవృత్తాంతము, ధరలు, పెండ్లి ఖర్చులు, చదివినవి, వినినవి అన్నియు అందు చేర్చెను. పలువిధముల ఆకులు కలిపిన కూరవంటిదని తానే దానిని చెప్పుకొనెను. మన కలగూరగంప యను మాట దానికి చక్కగా సరిపోవును. 1474లో పీసా నగరమందలి ఆతని వ్యాపారము దెబ్బతిని ఐశ్వర్యము క్షీణించినది. ఇల్లును పుస్తకమును మాత్రము మిగిలినవి.

అంగడి, ఇల్లు, పుస్తకము. ఈ మూడును ఒక్కచో కూడిన వర్తకుడు మన దేశమున, మన తెలుగు కవులకు దగ్గరగా, ఉండెనా? ఉండెను. కాని ఆతని వద్దకు పోవుటకు ముందు తెలుగు వర్తకుల ఇండ్లు ఏమైనవో చెప్పవలెను.

మచిలీపట్టణము ఒకనాడు తూర్పుతీరమున గొప్ప రేవు. అద్దకపు వస్త్రములకు ప్రపంచ ప్రఖ్యాతిగన్న ఆ పట్టణమును 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము ముంచెత్తినది. ముప్పదివేలమంది మరణించిరి. పాత ఇండ్లలో ఎన్ని మిగిలియుండునో చెప్పనక్కరలేదు. ఇక చెన్నపట్టణము. అచ్చట కంపెనీవారి తొలి ప్రధాన వర్తకులు బేరి తిమ్మన్న, 1680లో మరణించిన కాశీ వీరన్న మొదలగు తెలుగువారే. వారి ఇండ్లు కోటకు ఉత్తరమున గోడలనంటియున్న పాత నల్లపట్టణముననే యుండెడివి. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొని, కోట ఫిరంగులకు అడ్డముగా నున్నవని ఆ ఇండ్లలో కొన్నింటిని పడగొట్టిరి. 1749లో పట్టణము తిరిగి తమ చేతికి వచ్చిన పిమ్మట ఆంగ్లేయులు అదే కారణముచేత మిగిలినవానిని తీసివేసిరి. నేడు హైకోర్టు నిలిచిన ప్రాంతమది. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, సుంకురామచెట్టి వీధి అని పేర్లు మాత్రము జార్జిటౌనులో వినబడుచున్నవి. ఇల్లు పోయి పేరు మిగులుట మనవారికి జరిగిన న్యాయము!

ఇదే కాలమున, ఆ ఇండ్లను కూల్చిన ఫ్రెంచివారికే దుబాసీగా నుండిన వర్తకుని ఇల్లు మాత్రము పుదుచ్చేరిలో నిలిచినది. ఆతడు ఆనందరంగ పిళ్ళె.

పుదుచ్చేరి మన కరిసల్ సీమకు దూరమైనదేమియు కాదు. కోవిలుపట్టికిని కయత్తారుకును నడుమ నున్న ఇడైసేవల్ గ్రామమున పుట్టి, ఇంట తెలుగు పలికి, తమిళమున వ్రాసి కీర్తిగాంచిన కి. రాజనారాయణన్ తన కడపటి దశాబ్దములను పుదుచ్చేరిలోనే గడిపి, 2021 మే నెలలో అచ్చటనే కన్నుమూసెను. తెలుగువారు ఉత్తరమునుండి దక్షిణమునకు తరలివచ్చి నల్లరేగడి నేలలో ఊరు కట్టుకొనిన కథను ఆయన 1976లో ‘గోపల్ల గ్రామం’ అను నవలగా వ్రాసిన సంగతి మనవారందరు ఎరిగినదే. అదిగాక యానాము 1723 మొదలు ఫ్రెంచివారి స్థావరమై, 1954 వరకు వారి పాలనయందుండి, నేటికిని పుదుచ్చేరి ప్రాంతములో భాగముగనే యున్నది. కావున ఆ పట్టణపు చరిత్రలో తెలుగువారికి పాలు కలదు.

ఫ్రెంచివారు పుదుచ్చేరిలో 1674లో కుదురుకొనిరి. 1693లో డచ్చివారు దానిని పట్టుకొని ఆరేండ్లు తమ వద్ద నుంచుకొనిరి. ఆ కొలది కాలమున వారు గీచిన తిన్నని వీధుల పటమే నేటి పుదుచ్చేరికి మూలము. సముద్రమువైపు దొరల పట్టణము, పడమట మనవారి పట్టణము, నడుమ కాలువ. పడమటి పట్టణమునకు గుండెకాయ పెద్ద బజారు. ఆ బజారు చెంత, నేడు రంగపిళ్ళె వీధి యని పిలువబడు వీధిలో, 1735–38 ప్రాంతమున ఆనందరంగ పిళ్ళె మేడ లేచినది.

మేడను చూచుటకు ముందు బజారులో జరిగిన ఒక సంగతి తెలిసికొనవలెను. దానిని విడిచి ఆ ఇంటిని చూచినవారు గోడలనే చూతురు గాని ఇంటిని చూడరు. ఆనందరంగని తండ్రి తిరువేంగడ పిళ్ళె చెన్నపట్టణమున పెరంబూరు వాసి. ఆతని బావమరిది నైనియప్ప పిళ్ళె పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీకి ప్రధాన దుబాసీ. తిరువేంగడుడు ఆతని పిలుపున కుటుంబముతో పుదుచ్చేరి చేరెను. ఆనందరంగడు 1709లో పుట్టినవాడు, అప్పటికి చిన్నపిల్లవాడు. 1716లో గవర్నరు ఎబేరు, నైనియప్పపై నేరములు మోపి విచారణ జరిపించి, ఏబది కొరడాదెబ్బలు, మూడేండ్ల చెఱ, ఆస్తి జప్తు శిక్షగా విధింపజేసెను. కొరడాదెబ్బలు కొట్టినది పట్టణపు బజారులో, జనము నడుమ. నిన్నటివరకు ఎవని మాటపై వేల గజముల గుడ్డ చేతులు మారెనో వానిని, ఆ మాట చెల్లిన అంగడిలోనే కొట్టించిరి. 1717లో నైనియప్ప చెఱసాలయందే మరణించెను. ఆతని కుమారుడు గురువప్ప ఊరకుండక, సముద్రము దాటి ఫ్రాన్సు దేశమునకు పోయి, రాజసన్నిధిని మొరపెట్టుకొనెను. తీర్పు తలక్రిందులైనది. ఎబేరు పదవి పోయినది. గురువప్ప క్రైస్తవము పుచ్చుకొని, ఫ్రెంచి రాజిచ్చిన షెవలియే బిరుదముతో తిరిగివచ్చి ప్రధాన దుబాసీయై, 1724లో చనిపోయెను.

మామ కొరడాదెబ్బలు తిన్న బజారు చెంతనే ఇరువది యేండ్ల తరువాత మేనల్లుడు రెండంతస్తుల మేడ కట్టెను. దీనిని కేవలము సౌకర్యముకొరకని మేము నమ్మజాలము. జప్తు చేసిన వంశము జప్తు కాలేదని ఊరికి తెలుపుటకు అంతకు మించిన చాటింపు లేదు. రుచెల్లాయి ఇల్లు నమ్మకమును సంపాదించుటకు కట్టినది. ఆనందరంగని ఇల్లు పోయిన నమ్మకమును తిరిగి నిలుపుటకు కట్టినది.

ఇక ఇల్లు. క్రింది అంతస్తున అడుగిడినవాడు తాను తమిళదేశమున, మన దేశమున నున్నానని వెంటనే తెలిసికొనును. చెక్కడపు పనితోడి మాను స్తంభములు వరుసలు తీర్చి నడిముంగిటి చుట్టును నిలిచియున్నవి. మన మండువా లోగిలి ఎట్టిదో అట్టిదే. మెట్లెక్కి మీదికి పోయినవానికి లోకము మారును. అచ్చట మాను లేదు. తెల్లని గచ్చు స్తంభములు, ఐరోపా తీరువి, తిన్నగా లేచి పైకప్పును మోయుచుండును. ఒకే ఇల్లు, ఒకే యజమాని, ఒకే కాలము. మాను స్తంభము మీద సున్నపు స్తంభము. దేశి మీద పరదేశి.

ఫ్రెంచి దొరలను మెప్పించుటకై పిళ్ళె మేడను అట్లు కట్టించెనని కొందరందురు. మేము ఒప్పుకొనము. మెప్పుదల కోరినవాడు వీధిలోనికి కనబడు ముఖమును మార్చును గాని, క్రింది అంతస్తును సంప్రదాయమునకు వదలి మీది అంతస్తును మాత్రమే మార్చడు. దుబాసీ యనగా ద్విభాషి. దొర మాటను వర్తకునికిని, వర్తకుని మాటను దొరకును చేర్చువాడు. అట్టివాని ఇల్లు కూడ రెండు భాషలు పలికినది. ఏ భాష కా భాషను తప్పులేక పలికినది. రెండింటిని కలిపి సంకరము చేయలేదు. ఈ సంయమనమే మాకు ఆ ఇంటిలో అన్నిటికంటె గొప్పగా తోచును. తరువాతి కాలమున వచ్చిన ధనికుల ఇండ్లు కొన్నింటిలో గ్రీకు స్తంభముపై నెమలి, నెమలిపై విక్టోరియా రాణి కిరీటము, దానిపై గజలక్ష్మి కూర్చుండుట చూచినవారికి మా మాట అర్థము కాగలదు.

ఆ మీది స్తంభముల వంశవృక్షము కూడ చిత్రమైనది. రోమకుల శిథిలములనుండి అల్బెర్తి మొదలగువారు కొలతలు తీసి శాస్త్రము చేసిరి. ఇటలీనుండి అది ఫ్రాన్సునకు పోయినది. ఫ్రాన్సునుండి ఓడలతో పుదుచ్చేరికి వచ్చినది. ఫ్లోరెన్సులో అది రాయి; ఇచ్చట ఇటుకయు సున్నమును. మన తాపీ పనివారి చేతిలో సున్నము చలువరాతితో పోటీపడు నునుపును పొందుట అందరికిని తెలిసినదే. మూడు వందల యేండ్ల ప్రయాణములో శిల్పము మారలేదు, పదార్థము మారినది.

ఈ ఇంటిలో నుండినవాని పని ఎట్టిది? 1736 సెప్టెంబరు 6వ తేదీ మొదలు ఆనందరంగడు తాను కన్నవియు విన్నవియు, ఓడల రాకపోకలును, వింతలును వ్రాసిపెట్టుకొనుట ఆరంభించెను. 1761 వరకు, ఇరువదినాలుగేండ్లకు పైగా, ఆ దినచర్య సాగినది. భాష తమిళము, గ్రంథస్థ తమిళము గాక, అంగడిలో పలుకు తమిళము. అందులో గవర్నరు కోపము పక్కన గుడ్డ ధర, యుద్ధవార్త పక్కన శకునము కనబడును. ఆతడు తన వక్కల గిడ్డంగికి పోయి కూర్చుండుట మాటిమాటికి వచ్చును. గవర్నరు మందిరమున మంతనములు ముగియగానే వక్కల బస్తాల నడుమకు చేరి, అచ్చటనే ఊరి వార్తలు వినును, మనుషులను పంపును, లెక్కలు చూచును. పెద్దమేడ గలవానికి గిడ్డంగిలోనే ప్రాణము కుదుటపడుట వర్తకుల నెరిగినవారికి వింత కాదు. ఆనందపురవి యను పేర ఆతనికి సొంత ఓడ కూడ నుండెను.

డూప్లే 1742లో గవర్నరుగా వచ్చెను. ప్రధాన దుబాసీయైన కనకరాయ మొదలి 1746 ఫిబ్రవరిలో మరణించిన పిమ్మట, మరుసటి సంవత్సరము ఆ పదవి ఆనందరంగనికి దక్కినది. 1749లో ముజఫరు జంగు ఆతనికి మూడువేల గుఱ్ఱముల మన్సబు నిచ్చెను. గవర్నరు మందిరములోనికి పల్లకితో పోవు హక్కు ఆతనికి కలిగెను. బజారులో కొరడాదెబ్బలు తిన్నవాని మేనల్లునికి ఈ మర్యాద!

చెన్నపట్టణము 1746 సెప్టెంబరులో ఫ్రెంచివారి వశమైనపుడు డూప్లే అచ్చటి వర్తకులను పుదుచ్చేరికి రప్పింప ప్రయత్నించెను. అందు ఆనందరంగని చేయి కలదు. తాను పుట్టిన పెరంబూరు ఆ పట్టణపు పొలిమేరలోనిదే. ఆ దినములలో దినచర్య పుటలలో విజయోత్సాహము కనబడును. కూలిన తెలుగువారి ఇండ్లకు ఆ పుటలలో కన్నీరు వెదకుట వ్యర్థము. ఆతడు తన దొరకు దుబాసీ. దీనిని మేము తప్పుపట్టుటకు చెప్పుటలేదు. చదువుచున్నప్పుడు మాత్రము మనసు కొంచెము చివుక్కుమనక మానదు. రెండేండ్లకే తన ఊరి వంతు వచ్చినది. 1748లో ఆంగ్ల నౌకాసేనాని బోస్కవెను పుదుచ్చేరిని ముట్టడించినపుడు, పట్టణమందలి వేదపురీశ్వరుని ఆలయమును ఫ్రెంచివారే పడగొట్టిరి. ప్రధాన దుబాసీ దానిని ఆపలేకపోయెను. జరిగినది జరిగినట్లు వ్రాసిపెట్టెను. ఆ పుటలు చదువుట కష్టము. పదవికిని శక్తికిని గల దూరము అందు కనబడును.

తెలుగువారు మరువరాని సంగతి ఇంకొకటి కలదు. ఆనందరంగని ఆశ్రయమున తమిళ కవులుండిరి. శ్రీనివాస కవి సంస్కృతమున 1752లో ఆనందరంగవిజయ చంపువు రచించెను. తెలుగున కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమును రచించెను. అది ఛందోలక్షణ గ్రంథము. మన లాక్షణికులు నేటికిని దానిని పేర్కొనుచున్నారు. ఒక వర్తకుడు తన పేర కావ్యము కోరుట సామాన్యము. రాజ్యము లేకున్నను రాజని పిలిపించుకొనుటయు సామాన్యమే. తమిళమున దినచర్య వ్రాయు వ్యాపారి పేర తెలుగు ఛందస్సు వెలయుట మాత్రము, ఆ ఇంటి అరుగుపై ఎన్ని భాషలు కూర్చుండెడివో తెలుపును. దినచర్యలో సుంగువారను వర్తక కుటుంబము పేరు తరచు వచ్చును. ఆ ఇంటిపేరు వినిన తెలుగువానికి సుంకము గుర్తురాకమానదు.

ఇక పతనము. 1754లో డూప్లేను వెనుకకు పిలిపించిరి. వచ్చిన క్రొత్త దొరలకు పాత దుబాసీ అక్కరలేకపోయెను. 1756లో ఆనందరంగని పదవి పోయినది. దేహము జబ్బుపడినది. 1760లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని మరల ముట్టడించిరి. 1761 జనవరిలో, పట్టణము శత్రువశమగుచున్న ఆ దినములలోనే, ఆనందరంగ పిళ్ళె మరణించెను. జనవరి 16వ తేదీన లాలీ లొంగిపోయెను. పిమ్మట ఆంగ్లేయులు కోటను, దొరల పట్టణమును ఇటుకపై ఇటుక నిలువకుండ కూల్చివేసిరి. 1758లో లాలీ కడలూరువద్ద సెయింటు డేవిడు కోటకు చేసినదానికి ఇది బదులు. కొండంత ఫ్రెంచి కట్టడములు, గవర్నరు మందిరమును సహా, పోయినవి. వానికి అనువాదములుగా లేచిన తెల్లని స్తంభములు మాత్రము బజారు చెంత ఒక దుబాసీ మేడపై నిలిచినవి. మూలగ్రంథము నశించి అనువాదము మిగిలినట్లైనది.

ఎందుకు నిలిచినవి? రాజుల ఇంటిని శత్రువు కూల్చును, ఎందుకనగా అందు అధికారమున్నది. వర్తకుని ఇంటిని శత్రువు సాధారణముగా కూల్చడు. రేపు వానితోనే వ్యాపారము చేయవలెను. కోట గోడ ప్రక్కనున్న చెన్నపట్టణపు తెలుగు వర్తకుల ఇండ్లకు ఆ అదృష్టము లేకపోయినది; కాలువకు పడమట అంగడివీధిలో నున్న ఇంటికి ఉండినది. స్థలమే రక్షించినది. పాంచాలంకురిచ్చిని కూల్చిన కంపెనీయే నలుబది యేండ్ల ముందు పుదుచ్చేరిని కూల్చినదని గుర్తుంచుకొన్నచో, ఈ మిగులుబాటు విలువ తెలియును.

ఆ తరువాత పుదుచ్చేరి మరికొన్నిసార్లు చేతులు మారినది. పట్టణమందలి పాత ఇండ్లకు శత్రువు రానురాను సైన్యము గాక వాన, అశ్రద్ధ, భూమి ధర అయినవి. ఫ్రెంచివారి కాలపు పురపాలక భవనము 2014 నవంబరులో వానకు కుప్పకూలి, తిరిగి కట్టబడినది. మన వైపు సంగతి చెప్పనక్కరలేదు. పత్తి వ్యాపారమున నాలుగు రాళ్ళు గడించిన తెలుగువారి మండువా ఇండ్లు ఈ నల్లరేగడి ఊళ్ళలో ఒక్కొక్కటిగా పోవుచున్నవి. విప్పిన ఇండ్ల ద్వారబంధములు, స్తంభములు కారైక్కుడి పాతసామానుల అంగళ్ళలో వరుసగా నిలిపి అమ్మబడుచుండుట చూచినవారము. ఏ ఇంటివో ఏ ఊరివో ఆ స్తంభముపై వ్రాసియుండదు. ఇల్లు పోవుట కంటె, ఆ ఇంటిలో ఎవరుండిరో ఒక్క పుట కూడ లేకుండ పోవుట మాకు ఎక్కువ బాధ కలిగించును. మన సంఘముల సంచికలు ఆ పని కొంతవరకైనను చేయగలవు: ఇంటి కొలతలు, కట్టించినవాని పేరు, కలప వచ్చిన చోటు, పాత చిఠా పుస్తకములలోని ధరలు. ఇవి వ్రాయుటకు పాండిత్య మక్కరలేదు. ఆనందరంగడు పండితుడు కాడు.

ఆతని దినచర్య కూడ ఎనుబదియైదేండ్లు మరుగున పడియుండెను. 1846లో గల్వా మోంబ్రన్ అను ఫ్రెంచి అధికారి దానిని వెలికితీసి నకలు వ్రాయించెను. పిమ్మట మద్రాసు ప్రభుత్వము 1904 మొదలు 1928 వరకు పండ్రెండు సంపుటములుగా దానిని ఇంగ్లీషున ప్రకటించెను. నడుమ కొన్ని భాగములు దొరకలేదు. డూప్లే కాలపు దక్షిణదేశ చరిత్ర వ్రాయువా డెవడైనను నేడు ఆ వక్కల గిడ్డంగిలో కొంతసేపు కూర్చుండక తప్పదు.

ఆనందరంగనితో ఆ యింటి వ్రాత ఆగలేదు. 1761 తరువాత, కాలువకు తూర్పున దొరల పట్టణము ఇటుకల దిబ్బలై యున్న కాలమున, ఆతని తమ్ముని కుమారుడు తిరువేంగడ పిళ్ళె కలము చేపట్టి, పెదతండ్రి విడిచిన పని కొనసాగించెను.